ఒర్రె మీద శిలాఫలకం

బిడ్డా,

ఆసిఫాబాద్ నుంచి ఎమ్మెల్యేగా నిలబడతావట కదా. మీ నాయన ఫోన్ చేసి చెప్పాడు. తిర్యాణి నుంచి మన పిల్ల అసెంబ్లీకి పోతుందంటే వాడకట్టంతా తిరిగి చెప్పొచ్చాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

నామినేషన్ గురించి నేను చెప్పేదేముంది? ఎస్టీ సీటు కాబట్టి కులం సర్టిఫికెట్ ముందే తీసిపెట్టుకో. డిపాజిట్ 5,000. అఫిడవిట్‌లో ఒక్క గడి కూడా ఖాళీగా వదలకు. ఖర్చు లెక్క ఏ రోజుది ఆ రోజే రాయించు. కొలాం ఆదివాసీల గూడేలకు పోయినప్పుడు వాళ్ల భాషలో నాలుగు ముక్కలైనా మాట్లాడు.

నా టెన్షన్ అంతా గెలిచాక సంగతి. నేను ఒక ఎమ్మెల్యే దగ్గర పీఏగా చేశాను కదా, ఎవరి దగ్గరో ఇప్పుడెందుకులే. ఒకనాడు ఒక గూడెం పటేల్ వచ్చి, తువాలు కొసన కట్టుకున్న ముడి విప్పి అర్జీ తీశాడు. ఒర్రె మీద, ఆ చిన్న వాగు మీద, కల్వర్టు కావాలి. కింద పదకొండు వేలిముద్రలు. నేను అక్కడికక్కడే 'అయిపోయిందనుకో' అన్నాను. ఆ జాగా అడవిదని తెలుసు. పర్మిషన్ తర్వాత చూసుకోవచ్చని శంకుస్థాపన పెట్టించాను. తుడుం మోగించారు, కొబ్బరికాయ కొట్టాం, ఫొటోలు దిగాం. వారం తిరగకముందే పని ఆగింది.

అటవీ హక్కుల చట్టం, 2006లో వచ్చింది, అప్పటికే ఉంది. అందులో 3(2) సెక్షన్ చదువు. ఊరి రోడ్డుకో బడికో హెక్టారు లోపు అటవీ భూమి ఇవ్వొచ్చు, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు, గ్రామసభ సిఫారసు ఉండాలి. ఆ ఒక్క గ్రామసభ పెట్టించి ఉంటే దారి దొరికేది. చట్టం పుస్తకం నా టేబుల్ మీదే ఉండేది, దాని మీద చాయ్ గ్లాసు పెట్టేవాణ్ణి.

మరుసటి వానాకాలం అదే ఒర్రె దగ్గర అవతల గట్టున జీపు పెట్టుకుని నిలబడ్డాను. నొప్పులు పడుతున్న పిల్లను మంచం మీద పెట్టి నలుగురు మోసుకొస్తున్నారు. నీళ్లు నడుం దాకా. మంచం ఒకవైపు ఒరిగినప్పుడు ఆ పిల్ల అరవలేదు, పట్టె గట్టిగా పట్టుకుంది. తల్లీ బిడ్డా బతికారు. అందులో నా గొప్పేమీ లేదు. ఆ శిలాఫలకం తర్వాత పడిపోయింది. ఆడవాళ్లు దాని మీద బట్టలు ఉతుకుతారు. అక్షరాలు అరిగిపోయాయి, మంచిదే అయింది.

ఆ పటేల్ కెస్లాపూర్ నాగోబా జాతరలో కనిపించాడు. తిడతాడనుకున్నాను. 'తిన్నావా' అని అడిగాడు. ఇప్పటికీ అదే గుచ్చుకుంటుంది. నువ్వు కూడా ఆ జాతరలో జనం గోడు చెప్పుకునే దర్బార్‌కు పోయినప్పుడు ముందు కుర్చీ కోసం చూడకు, వెనక నేల మీద కూర్చున్నవాళ్ల దగ్గర కూర్చో.

నీది కూడా తొందర మాటే. మా పెరట్లో జామకాయలు పిందె మీదే తెంపి, వగరుగా ఉన్నాయని నా మీదే కేకలేసేదానివి! ఎవరు ఏది అడిగినా 'కనుక్కుని చెప్తా' అను. చిన్నబుచ్చుకుంటే చిన్నబుచ్చుకోనీ.

వానాకాలం రాత్రిపూట కెరమెరి ఘాట్ ఎక్కొద్దు, డ్రైవర్ ఎంత ధైర్యం చెప్పినా సరే. గిన్నెధరి వైపు చలి నీకు పడదు, శాలువా కప్పుకో, సన్మానానికి ఇచ్చే పలచటిది కాదు, ఉన్నిది.

ఏ ఒర్రెకు కల్వర్టు లేదో గూడేల వారీగా ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టాను. సగం పేజీలకు చెద పట్టింది. నామినేషన్ ముందు ఒకసారి ఇంటికొచ్చి తీసుకుపో. అన్నం తినే పోవాలి.

మీ కాక