4 జీబీ ల్యాప్‌టాప్‌లో వర్చువల్ డెస్క్‌టాప్: క్రోమా, ఎడ్జా, ఫైర్‌ఫాక్సా?

గుణుపూర్‌లో ఇంట్లోంచే వైజాగ్ ఆఫీసు పని చేయబోతున్నానని, వర్చువల్ డెస్క్‌టాప్‌ని, అంటే దూరంగా ఆఫీసు సర్వర్‌లో నడిచే కంప్యూటర్‌ని, బ్రౌజర్‌లోనే తెరవమన్నారని రాశారు. మీ 4 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్‌కి ఏ బ్రౌజర్ మంచిదని అడిగారు. నేను పర్లాకిమిడిలో ఉంటాను. రెండేళ్లుగా నాదీ ఇదే పని, ల్యాప్‌టాప్ కూడా అలాంటిదే. నా మాట అడిగితే ఎడ్జ్ పెట్టుకోండి. క్రోమ్ బాగా అలవాటైపోయి ఉంటే మారనక్కర్లేదు.

2020 జనవరి నుంచి ఎడ్జ్ కూడా క్రోమ్ లాగే క్రోమియం అనే ఒకే పునాది సాఫ్ట్‌వేర్ మీద నడుస్తోంది. అందుకే స్పీడులో, స్క్రీన్ స్పష్టతలో నాకు తేడా కనబడలేదు. నేను ఎడ్జ్‌ని ఆఫీసుకే వదిలేశాను. సొంత మెయిల్, యూట్యూబ్ అన్నీ క్రోమ్‌లో. పని మొదలుపెట్టే ముందు క్రోమ్ పూర్తిగా మూసేస్తాను, 4 జీబీకి ఆ మాత్రం ఊపిరి కావాలి.

అసలు చిక్కు కీబోర్డుతో వస్తుంది. మొదటి నెలాఖరులో ఎక్సెల్‌లో బిల్లులు ఎక్కిస్తున్నాను. ఒక ఫైల్ మూసేద్దామని కంట్రోల్ డబ్ల్యూ కొడితే ఫైల్‌కి బదులు బ్రౌజర్ ట్యాబే మూసుకుపోయింది. 140 బిల్లులు, సేవ్ చేయలేదు. కాళ్లూ చేతులూ ఆడలేదు. మళ్లీ లాగిన్ అయ్యి చూస్తే షీట్ అలాగే ఉంది, నేను వదిలిన గడిలోనే కర్సర్ కొట్టుకుంటోంది. ట్యాబ్ మూస్తే మన కనెక్షన్ తెగుతుంది అంతే, అక్కడ మన సెషన్, అంటే తెరిచి ఉంచిన పని, నడుస్తూనే ఉంటుంది. ఎంతసేపు ఉంచాలన్నది మాత్రం ఆఫీసు పెట్టే గడువు. అది చేరిన రోజే అడిగి తెలుసుకోండి.

దీనికి మందు ఫుల్ స్క్రీన్. కానీ ఎఫ్11 మీద ఆధారపడకండి. డెస్క్‌టాప్ పేజీలోనే పైన ఫుల్ స్క్రీన్ బటన్ ఉంటుంది, దాన్ని నొక్కాలి. అప్పుడు ఎడ్జ్, క్రోమ్ ఇలాంటి షార్ట్‌కట్‌లని అవతలి కంప్యూటర్‌కి పంపుతాయి. బయటికి రావాలంటే ఎస్కేప్ కాసేపు నొక్కి పట్టుకోండి. నేను వాడిన ఫైర్‌ఫాక్స్‌లో ఈ సదుపాయం లేదు. నేను దాన్ని పక్కన పెట్టింది అందుకే, మిగతా విషయాల్లో అది చక్కగానే పనిచేసింది. మీరు డెస్క్‌టాప్ తెరిచేది మైక్రోసాఫ్ట్ వెబ్ క్లయింట్ (బ్రౌజర్‌లో తెరుచుకునే మైక్రోసాఫ్ట్ పేజీ) అయితే ఆల్ట్ ట్యాబ్‌కి బదులు ఆల్ట్ పేజ్ అప్, కంట్రోల్ ఆల్ట్ డిలీట్‌కి బదులు కంట్రోల్ ఆల్ట్ ఎండ్ కొట్టండి.

ఎడ్జ్ సెట్టింగ్స్‌లో స్లీపింగ్ ట్యాబ్స్, క్రోమ్‌లో మెమరీ సేవర్ ఉంటాయి. కాసేపు వాడని ట్యాబ్‌లని అవి నిద్రపుచ్చుతాయి. వాటి మినహాయింపుల్లో ఆఫీసు సైట్ చేర్చేయండి. కాపీ పేస్ట్‌కి క్లిప్‌బోర్డ్ అనుమతి అడిగితే ఇవ్వండి.

ఒక్కటి మాత్రం బ్రౌజర్ మీద వేయకండి. మన సరిహద్దు ఊళ్లలో ఫోన్ హాట్‌స్పాట్ ఒక పట్టాన నిలవదు. మా ఇంట్లో ఫోన్ కిటికీలో పెడితే ఆంధ్రా టవర్, లోపలికి తెస్తే ఒడిశా టవర్. మారిన ప్రతిసారీ స్క్రీన్ గడ్డకట్టి, కనెక్షన్ తెగి మళ్లీ కలుస్తుంది. మూడు బ్రౌజర్లలోనూ ఇదే తంతు. ఫోన్ ఒకచోట పెట్టి కదపకండి. మీ వీధిలో ఫైబర్ ఉంటే మొదటి జీతంతోనే పెట్టించుకోండి, రౌటర్‌కి చిన్న యూపీఎస్ కూడా. కరెంటు పోయినా ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంది, రౌటర్ ఆగితేనే పని ఆగేది.