గర్భసంచే లేదు, నొప్పి ఎక్కడిది?

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. ఎండోమెట్రియోసిస్ అని గర్భసంచి తీసేశారు. 14 నెలలైనా పొత్తికడుపులో ఎడమవైపు పోటు తగ్గలేదు. మోషన్‌కి వెళ్లినప్పుడు, భర్తతో కలిసినప్పుడు మరీ ఎక్కువ. స్కానింగ్‌లో ఏమీ లేదన్నారు. ‘సంచే లేనప్పుడు నొప్పి ఎక్కడిది? నాకూ తీశారు, మూడు నెలలకే పొలం వెళ్లాను’ అంటారు అత్తయ్య. మావారు ఏమీ అనరు, కానీ వేరే గదిలో పడుకుంటున్నారు. ఇదంతా నా భ్రమేనా?

జవాబు: భ్రమ కాదు. ముందు అత్తయ్యగారి ప్రశ్న సంగతి చూద్దాం. అది మీ మనసులోనూ తిరుగుతున్నట్టుంది.

ఈ జబ్బులో గర్భసంచి లోపలి పొరలాంటి కణజాలం సంచి బయట పెరుగుతుంది. అండాశయాల మీద, పేగుల మీద, మూత్రాశయం దగ్గర ఎక్కడైనా అంటుకోవచ్చు. సంచి తీసినా అవి మిగిలిపోవచ్చు. అండాశయాలు ఉంచితే వాటి నుంచి వచ్చే ఈస్ట్రోజన్ అనే హార్మోను ఆ మిగిలినవాటిని పెంచుతూ ఉండొచ్చు. చిన్న మచ్చలు స్కానింగ్‌లో కనిపించకపోవడం మామూలే. ఆపరేషన్ తర్వాత లోపలి అవయవాలు అతుక్కున్నా నొప్పి వస్తుంది.

ఇంకొకటుంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. ఏళ్లతరబడి నొప్పి భరించినవాళ్లకు కటి కింది కండరాలు బిగుసుకుపోవచ్చు. మీరు కలయికప్పుడు నొప్పి అన్నారు కాబట్టి ఇది తప్పక చూపించుకోవాలి. దీనికి ప్రత్యేకంగా ఫిజియోథెరపీ ఉంది. నరాల నొప్పికి మందులూ ఉన్నాయి.

బీరువాలో కవర్లో పెట్టిన డిశ్చార్జి సమ్మరీ, బయాప్సీ రిపోర్టు బయటికి తీయండి. అండాశయాలు ఉంచారా, పేగుల మీద ఏమైనా వదిలేశారా, అందులో రాసి ఉండాలి. లేకపోతే ఆసుపత్రిలో ఆపరేషన్ నోట్సు అడగండి. రెండు వారాలు ఒక నోటుబుక్‌లో నొప్పి ఎప్పుడొచ్చింది, ఏం చేస్తుండగా వచ్చిందో రాయండి. ఇవన్నీ పట్టుకుని ఎండోమెట్రియోసిస్ కేసులు ఎక్కువగా చూసే గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లండి. వెంటనే మళ్లీ కోయించుకుందామని మాత్రం తొందరపడకండి. జ్వరం, రక్తస్రావం, మోషన్‌లో రక్తం, వాంతులతో కడుపు ఉబ్బరం, వీటిలో ఏది కనిపించినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

మీవారు వేరే గదిలోకి వెళ్లింది కోపంతోనే అనుకోకండి. మీకు నొప్పి పెడతానేమోనన్న భయం కావచ్చు. నేను ఊహించి చెప్పడం కన్నా మీరే అడగండి. డాక్టరు దగ్గరికి ఆయన్నీ తీసుకెళ్లండి. మీరు పది సార్లు చెప్పిన మాటే డాక్టరు నోట వింటే వేరుగా ఉంటుంది. తగ్గేదాకా నొప్పి ఓర్చుకుని కలవాల్సిన పని లేదు.

అత్తయ్యగారితో వాదన వద్దు. మన దగ్గర ఈ ఆపరేషన్ అయినవాళ్లు ఎక్కువ. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో దేశమంతటా నూటికి ముగ్గురికి సంచి తీసి ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మందికి తీశారు. అందుకే పోల్చడానికి చుట్టుపక్కల ఎవరో ఒకరుంటారు. గడ్డలకో అధిక రక్తస్రావానికో తీస్తే, జబ్బు సంచితోపాటే పోతుంది. ఆవిడకు ఎందుకు తీశారో ఓ సాయంత్రం నెమ్మదిగా అడిగి చూడండి. బహుశా ఆవిడకూ ఎవరూ చెప్పి ఉండరు.