లంగరు వేసిన చోటే చుట్టాలు

మూడు నెలల కిందట ఈ పత్రికలో ఫిజీ దీవుల్లో మా పడవ కాపురం గురించి రాశాను. దానికి వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి ఇక్కడ జవాబులు. ఆ వ్యాసం చదవనివాళ్ళ కోసం రెండు మాటలు. మావారు ఓడల్లో ఇంజనీరు. న్యూజిలాండ్‌లో ఉద్యోగం చేసే రోజుల్లో 38 అడుగుల పాత తెరచాప పడవ కొనుక్కున్నాం. 2018లో, మళ్ళీ 2019లో, మే నుంచి నవంబరు మొదటి వారం దాకా మేమిద్దరం, పిల్లలిద్దరూ ఫిజీలో అందులోనే ఉన్నాం. మొదటిసారి వెళ్ళినప్పుడు పాపకి 11 ఏళ్ళు, బాబుకి 8. ఇప్పుడు కాకినాడలో ఉంటున్నాం.

ప్రశ్న: "ప్రతి ఊళ్ళోనూ ముందు ఒక వేరు కట్ట ఇచ్చామని రాశారు. ఏమిటా వేరు? ఎందుకివ్వాలి?" (డిగ్రీ విద్యార్థి, గుంటూరు)

బాబూ, నువ్వు ఇది అడిగినందుకు చాలా సంతోషం. ఎందుకంటే మాకు అక్కడ దొరికిన మనుషులంతా ఆ కట్టతోనే దొరికారు.

ఆ మొక్కని అక్కడ యంగోనా అంటారు, బయటివాళ్ళు కావా అంటారు. మిరియాల జాతిది. ఎండిన వేర్లని దంచి నీళ్ళలో పిసికి తాగుతారు. ఫిజీలో ఏ ఊరి ముందు లంగరు వేసినా ఆ నీళ్ళు, ఆ పగడపు దిబ్బ, అందులో చేపలు ఆచారం ప్రకారం ఆ ఊరివాళ్ళవి. అందుకని ఈత కొట్టక ముందే, గాలం వెయ్యక ముందే ఒడ్డుకి వెళ్ళి పెద్దమనిషిని కలిసి అనుమతి అడగాలి. ఆ మర్యాదకి సెవుసెవు అని పేరు. సావుసావు అనే ఊరి బజారులో అర కిలో వేర్ల కట్టలు న్యూస్ పేపర్లో చుట్టి అమ్మేవాళ్ళు. నేను ఒకేసారి ఇరవై కట్టలు కొని మంచం కింద పెట్టుకునేదాన్ని. పడవంతా మిరియం, మట్టి కలిసిన వాసన.

ఊళ్ళోకి వెళ్ళేటప్పుడు టోపీ, నల్ల కళ్ళద్దాలు తీసెయ్యాలి. భుజాన సంచీ ఉండకూడదు, చేత్తో పట్టుకోవాలి. ఆడవాళ్ళం మోకాళ్ళు దాటేలా సులు అనే గుడ్డ చుట్టుకుంటాం. అది మన లుంగీ లాంటిదే. చాప మీద కూర్చుని కట్టని పెద్దాయన ముందు నేల మీద పెట్టాలి, చేతికి ఇవ్వకూడదు. ఆయన తీసుకుంటే మనల్ని ఒప్పుకున్నట్టు. ఆయన తన భాషలో చాలాసేపు ఏదో చెప్పారు. మేం ఎక్కడి నుంచి వచ్చామో, ఇకపై మా క్షేమం ఆ ఊరిదేనని ఊరి పెద్దలకీ పూర్వీకులకీ విన్నవించడం అదంతా అని తర్వాత మాకు వివరించారు. కొబ్బరి చిప్ప అందిస్తే అరచేతులు గుల్లగా పెట్టి ఒక్క చప్పట్టు కొట్టి, "బులా" అని గుక్కలో తాగేసి, మూడు చప్పట్లు కొట్టాలి. పెదాలూ నాలుకా మొద్దుబారతాయి. మత్తు కాదు, మాట నెమ్మదిస్తుంది.

మన గోదావరి జిల్లాల్లో గుమ్మంలోకి వచ్చినవాళ్ళకి ముందు కాళ్ళకి నీళ్ళిచ్చేవారని మా అమ్మమ్మ చెప్పేది. అక్కడ వచ్చినవాళ్ళే ముందు ఇస్తారు. నాకు రెండూ ఒకటే అనిపించాయి.

ప్రశ్న: "నీళ్ళ మధ్య పెరిగితే పిల్లలకి స్నేహితులెవరు? చదువు మాటేమిటి?" (గృహిణి, భీమవరం)

చెల్లీ, చదువు సంగతి చిన్నదే. ఇంటి దగ్గర చదివించుకోవడానికి న్యూజిలాండ్‌లో అనుమతి తీసుకోవచ్చు, మేం తీసుకున్నాం. రోజూ పొద్దున్న 7 నుంచి 11 దాకా పుస్తకాలు. ఆ తర్వాత వాళ్ళ ఇష్టం.

స్నేహాల సంగతి చెప్పాలంటే ఫులాంగ అనే దీవి గురించి చెప్పాలి. ఫిజీకి తూర్పువైపు ఉన్న లావ్ దీవుల్లో దక్షిణంగా ఉంటుంది. పుట్టగొడుగుల్లాంటి సున్నపురాతి గుట్టలు నీళ్ళలో నిలబడి ఉంటాయి. ఆగ్నేయపు గాలికి ఎదురెళ్ళాలి గనక గాలి తిరిగే రోజు కోసం సావుసావులో 12 రోజులు కాచుకున్నాం. దిబ్బల మధ్య దారి సన్నం, పోటు నీరు ఏరులా లాగుతుంది. ప్రవాహం నిలిచిన కాసేపట్లోనే, ఎండ నడినెత్తిన ఉండగానే దూరాలి. అప్పుడే కింద పగడం గోధుమరంగులో కనిపిస్తుంది.

ఆ ఊరికో ఆచారం ఉంది. వచ్చిన ప్రతి పడవకీ ఊళ్ళో ఒక కుటుంబాన్ని అప్పగిస్తారు. మాకు వచ్చినావిడ నాకంటే పెద్దది, ఆమె భర్త 'వేసి' అనే చెట్టు కర్రతో తనోవాలు, అంటే యంగోనా కలిపే నాలుగు కాళ్ళ గిన్నెలు చెక్కేవాడు. వాళ్ళమ్మాయిది మా పాప వయసే. ఇద్దరికీ ఉమ్మడిగా వచ్చిన ఇంగ్లీషు మాటలు తక్కువ. అయినా మూడో రోజుకల్లా పాప పొద్దున్నే తన చిన్న తెడ్డు పడవేసుకుని వాళ్ళింటికి వెళ్ళిపోయేది.

అక్కడ చాప నెయ్యడం నేర్చుకుంది. ఆకు ఏమిటో చూద్దును కదా, మన మొగలి జాతిదే! అంచుల ముళ్ళు తీసి, ఉడికించి, ఎండబెట్టి, గవ్వ పెంకుతో గీకుతూ గీకుతూ మెత్తబరుస్తారు. అప్పుడు గోటితో సన్నగా చీలుస్తారు. నాలుగు రోజుల్లో పాప జానెడు చాప నేసింది. ఒక అంచు వంకరపోయింది. ఆ అమ్మాయి దాన్ని విప్పి సరిచేయబోతే వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. "ఈ వంకర చూస్తే నువ్వు గుర్తొస్తావు" అంది మా పాపతో. ఆ చాప వాళ్ళింట్లోనే ఉంది. వాళ్ళమ్మాయి నేసింది మా ఇంట్లో దేవుడి గది గోడకి ఉంది.

ఒంటరితనం ఉండేది, అబద్ధం చెప్పను. అది సముద్రంలో ఉన్నప్పుడు కాదు. ఆరు వారాలు కలిసి తిని, లంగరు పైకి తీసే పొద్దున ఉండేది. బాబు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

ప్రశ్న: "తుఫాన్లంటే భయం లేదా?" (విశ్రాంత ఉపాధ్యాయులు, తుని)

ఉంది మాస్టారూ. మన తూర్పు తీరంలో పుట్టినవాళ్ళకి అది ఒకరు చెప్పాలా. ఫిజీలో తుఫాన్ల కాలం నవంబరు నుంచి ఏప్రిల్ దాకా. 2016 ఫిబ్రవరిలో విన్‌స్టన్ తుఫానుకి 44 మంది పోయారు. అందుకే ఏటా నవంబరు మొదట్లో దక్షిణానికి, న్యూజిలాండ్‌కి వెళ్ళిపోయేవాళ్ళం. ఫిజీలోనే ఉండిపోయే పడవల కోసం వుందా రేవులో నేలలో గోతులు తవ్వి ఉంచుతారు. పడవ అడుగు భాగాన్ని గోతిలో దించి కట్టేస్తారు.

నన్ను భయపెట్టింది తుఫాను కాదు, ఒక మామూలు రాత్రి. సాయంత్రం ఆలస్యంగా చేరి, అడుగు సరిగ్గా కనిపించకుండానే లంగరు వేశాం. ఆ తప్పు నాదే, నేనే తొందరపెట్టాను. రాత్రి రెండింటికి గాలి పడమటికి తిరిగింది. లంగరు జారుతోందని అలారం మోగింది. వెనక పగడపు దిబ్బ మీద అలలు విరిగే చప్పుడు దగ్గరవుతోంది. ఇంజను వేసి మావారు చుక్కాని పట్టుకున్నారు. రేడియోలో, పడవలన్నీ వినే 16వ ఛానెల్లో పిలిచాను. పక్క పడవలో ఒక పెద్ద వయసు జంట ఉండేవారు, అంతకు ముందు చెయ్యి ఊపుకోవడమే పరిచయం. అయిదు నిమిషాల్లో ఆయన వానలో రబ్బరు పడవ వేసుకొచ్చి, మా రెండో లంగరు అందులో పెట్టుకుని, తాడు వదులుకుంటూ గాలికి ఎదురెళ్ళి దూరంగా దించారు. అది పట్టుకుంది. తెల్లారేదాకా ఆయన మా పడవలోనే కూర్చున్నారు. నేను అల్లం టీ పెట్టాను. పిల్లలు లేవనే లేదు.

ప్రశ్న: "అక్కడ తెలుగువాళ్ళు ఉన్నారా?" (రాజమండ్రి నుంచి ఇద్దరు పాఠకులు)

ఉన్నారు. చెరకు తోటల పనికి 1879 నుంచి 1916 దాకా మన దేశం నుంచి 60 వేల మందికి పైగా ఓడల్లో తీసుకెళ్ళారు. అయిదేళ్ళ ఒప్పందం. అగ్రిమెంట్ అన్న మాట వాళ్ళ నోట గిర్మిట్ అయింది. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా తమిళులూ తెలుగువాళ్ళూ వెళ్ళారు. తెలుగువాళ్ళు 1941లో తమకంటూ ఒక ఆంధ్ర సంగం పెట్టుకున్నారు. ఇప్పుడు ఇళ్ళల్లో మాట్లాడేది ఎక్కువగా ఫిజీ హిందీయే.

సావుసావు నుంచి బస్సులో కొండలు దాటితే లంబాసా. చక్కెర మిల్లు ఊరు. అక్కడి బజార్లో కరివేపాకు చూసి ఆగాను. అమ్ముతున్న ముసలావిడతో నాకొచ్చిన హిందీలో మాట్లాడుతుంటే, బాబు నన్ను "అమ్మా, నీళ్ళు" అని అడిగాడు. ఆవిడ చేతిలో కట్ట అలాగే ఆగిపోయింది. "నీళ్ళు" అంది, మెల్లిగా. తనకి వచ్చిన తెలుగు పది మాటలు ఉంటాయేమో. వాళ్ళ అవ్వ పొద్దున్నే "కూడు తిన్నావా" అని అడిగేదట. అది ఒక్కటే పూర్తి వాక్యం. ఆ మాట మా ఇంట్లో నా చిన్నప్పుడే పోయింది, అన్నం అనడం నేర్చుకున్నాం. అక్కడ, ఇన్ని వేల మైళ్ళ అవతల, వందేళ్ళ నాటి మాట ఒక మనిషి నోట్లో భద్రంగా ఉంది. డబ్బులు తీసుకోలేదు. మళ్ళీ రెండుసార్లు ఆవిడ కోసమే లంబాసా వెళ్ళాను.

ప్రశ్న: "ఖర్చెంత? తెరచాప పడవ నడపడం ఎక్కడ నేర్చుకోవాలి?" (సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, హైదరాబాద్)

మేమిద్దరం తొమ్మిదేళ్ళు దాచుకున్నది పడవలో పెట్టాం. కొనడం కన్నా బాగుచేయించడానికే ఎక్కువ అవుతుంది, ఉప్పుగాలి దేన్నీ వదలదు. కరెంటుకి సోలార్ పలకలు, కదలడానికి గాలి. తిండి చవక, చేపలూ కర్రపెండలం చాలావరకు ఇచ్చేవాళ్ళే.

నేర్చుకోవడానికి నువ్వు ఎక్కడికీ వెళ్ళక్కర్లేదమ్మా. హుస్సేన్ సాగర్‌లోనే నేర్పుతారు. ఆడపిల్లకి సాధ్యమా అని కూడా రాశావు. విశాఖ అమ్మాయి పి. స్వాతి నౌకాదళం ఆరుగురు మహిళల జట్టులో తారిణి పడవ మీద 2017 సెప్టెంబరులో గోవా నుంచి బయల్దేరి, భూమి చుట్టి 2018 మేలో తిరిగొచ్చింది. ముందు ఈత నేర్చుకో. ఈ ఆదివారమే మొదలుపెట్టు.

ప్రశ్న: "ఆ స్నేహాలు ఇప్పటికీ ఉన్నాయా?" (పేరు లేదు, నెల్లూరు)

ఫులాంగలో ఆదివారం పని చెయ్యరు. చర్చి నుంచి వచ్చి, నేలలో గొయ్యి తవ్వి రాళ్ళ వేడి మీద వండిన భోజనం తింటారు. మాకన్నా ఆరున్నర గంటలు ముందు వాళ్ళు. అందుకని ఆదివారం పొద్దున్న 7 గంటలకి, వాళ్ళ భోజనాల వేళకి, ఫోన్ దగ్గర కూర్చుంటాం. సిగ్నల్ ఉంటే వస్తుంది, లేకపోతే లేదు. పోయిన వారం వచ్చింది. వాళ్ళమ్మాయి ఇప్పుడు రాజధాని సువాలో నర్సింగ్ చదువుతోంది, సెలవులకి వచ్చింది. ఫోన్ తిప్పి గోడ చూపించింది. జానెడు చాప, వంకర అంచు.