ఇసుక నేలకు చెక్కపేళ్ల కప్పు

ప్రశ్న: ఇంజంబాక్కంలో సముద్రానికి దగ్గరగా మాకు ఒక గ్రౌండు (2,400 చదరపు అడుగుల) ఖాళీ స్థలం ఉంది. అంతా ఇసుకే. పొద్దున పోసిన నీరు మధ్యాహ్నానికి కనిపించదు. వంగ, బెండ గిడసబారిపోతున్నాయి. ఎడారి నేలల్లో చెక్కపేళ్లు వేసి పంటలు తీస్తున్నారని మా అబ్బాయి అంటున్నాడు. మా వీధిలో కొట్టేసిన కొమ్మలను యంత్రంతో ముక్కలు చేసి ఊరికే ఇస్తామంటున్నారు. వాటిని ఇసుకలో కలిపి తవ్వించమంటారా?
— ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: తప్పక తీసుకోండి, కాని ఇసుకలో కలపకండి, పైన పరచండి. చెక్కలో ఒక పాలు నత్రజనికి కొన్ని వందల పాళ్ల కర్బనం ఉంటుంది. దానిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులకు ముప్పై పాళ్లకు ఒక పాలు చొప్పున నత్రజని కావాలి కనుక, పేళ్లను లోపల కలిపితే ఆ లోటును అవి మీ మట్టినుంచే పూడ్చుకుంటాయి, మొక్కలు పసుపుబారతాయి. పైన పరచినప్పుడు ఈ లాగుడు పేళ్లు నేలను తాకే పలుచని పొరకే పరిమితమై, వేళ్ల దాకా పోదు.

ఇసుక రేణువులు పెద్దవి, వాటి మధ్య సందులూ పెద్దవి. అందుకే నీరు, దానితోపాటు ఎరువు సారం కిందికి జారిపోతాయి. చెక్క బంకమట్టిగా మారదు. పేళ్ల కింద అల్లుకునే శిలీంధ్రాల పోగులు, వానపాములు కలిసి వాటిని జీవపదార్థంగా మార్చి రేణువులను అతికిస్తాయి. ఇది ఒక్క పంటకాలంలో జరిగే పని కాదు, కొన్నేళ్లు పడుతుంది. మీ అబ్బాయి చెప్పిన ఎడారి నేలల్లో, జైసల్మేరు వంటి చోట, ఏడాదికి 200 మిల్లీమీటర్ల వాన కూడా పడదు కనుక, పేళ్లు ఎండి అలాగే ఉండిపోతాయి. వాటి కింద డ్రిప్పు గొట్టం తప్పనిసరి. చెన్నైలో సుమారు 1400 మిల్లీమీటర్లు కురుస్తుంది, అందులో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపే. ఈ తేమకు మన ఎండ తోడై పేళ్లు త్వరగా కరుగుతాయి. పొర తగ్గిందని బాధపడకండి, తగ్గినంతా నేలకు చేరినట్టే. ఏటా కొత్తవి వేయండి.

ఈశాన్య రుతుపవనాల వానలు వెనకబట్టి ఇసుక ఇంకా తడిగా ఉన్నప్పుడే పని మొదలుపెట్టండి. పొడి ఇసుకమీద పరిస్తే చిరుజల్లులు పేళ్లలోనే ఆగిపోతాయి. ముందు బాగా మాగిన పశువుల ఎరువు రెండంగుళాలు వేసి, తడిపి, దానిపైన మూడు నాలుగంగుళాల పేళ్లు పరచండి. కాండం చుట్టూ జానెడు ఖాళీ వదలకపోతే మొదలు కుళ్లుతుంది. వంగ నారును పేళ్లు తొలగించిన గుంటలో నాటవచ్చు; ఆకుకూరల చిన్న విత్తులు మాత్రం పేళ్లను చీల్చుకుని రాలేవు, వాటికి వేరే మడి ఉంచండి.

సన్న కొమ్మలను ఆకులతో సహా ముక్కలు చేసినవే మేలు, ఆకులోను బెరడులోను నత్రజని ఎక్కువ. 2016 డిసెంబరు 12న వర్దా తుపానుకు ఈ నగరంలో కూలిన వేలాది చెట్లను తలచుకుంటే, ఎంత సారం చెత్తగా పోయిందో అని నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. ప్లైవుడ్డు, రంగు వేసిన తలుపుల ముక్కలు వద్దు. రంపపు పొట్టు అట్టకట్టి నీటిని దిగనివ్వదు. చెదల భయం ఉంది కనుక ఇంటి గోడకు దూరంగా ఉంచండి.

మీ బోరు నీరు ఉప్పగా ఉంటే పరీక్ష చేయించండి. పేళ్లు నీరు ఆవిరికాకుండా ఆపి, పైకి ఉప్పు పేరుకోవడాన్ని తగ్గిస్తాయే కాని, నీటిలోని ఉప్పును తీసివేయలేవు. ఏడాది తరువాత పేళ్లు పక్కకు జరిపి, కింది తడిమట్టిని పిడికిట నొక్కి, వేలితో మెల్లగా తట్టి చూడండి. ఒక్కసారిగా రాలిపోకుండా చిన్న ఉండలుగా విడితే ఇసుక అతుక్కోవడం మొదలైనట్టే.