అరుదుగా నడిపే బండికి ఇంజిన్ ఆయిల్ ఎప్పుడు మార్చాలి?

పలాసలోని మీ నాన్నగారి 125 సీసీ బండి ఏడాదికి ఆరేడు వందల కిలోమీటర్లు కూడా తిరగడం లేదని, అలాంటప్పుడు 3,000 కిలోమీటర్లు నిండేదాకా ఆగవచ్చా, లేక మెకానిక్ అన్నట్లు ఆరు నెలలకొకసారి ఆయిల్ మార్చాలా అని అడిగారు. ఆగకండి. ఏడాదికొకసారి మార్చడం తప్పనిసరి. ఆరు నెలల మాట మాత్రం బండిని ఎలా వాడుతున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. మాన్యువల్‌లో ఆయిల్ గడువు సాధారణంగా కిలోమీటర్లలోనూ నెలల్లోనూ ఇచ్చి, ఏది ముందు వస్తే అప్పుడు మార్చమని రాస్తారు. మనలో చాలామందిమి కిలోమీటర్ల అంకె చదివి పుస్తకం మూసేస్తాం. నేనూ అదే చేశాను.

నాది విజయనగరం. ఇంటి నుంచి రైల్వే స్టేషన్‌కు రెండు కిలోమీటర్లు పోయి రావడానికి తప్ప నా 100 సీసీ బండితో నాకు పని ఉండేది కాదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చాక ఆ కాస్త తిరుగుడూ ఆగిపోయింది. బండి మూలబడి పాడవుతుందన్న భయంతో రోజూ సాయంత్రం సెంటర్ స్టాండు మీద నిలబెట్టి, కిక్ కొట్టి, ఐదు నిమిషాలు నడిపి ఆపేవాణ్ణి. వానలు వెనకబట్టాక ఆయిల్ మూత విప్పి చూస్తే దాని లోపలి వైపంతా చోడి అంబలి మెత్తినట్లు బూడిద రంగు జిగురు పేరుకుని ఉంది. షెడ్డుకు తీసుకుపోతే మెకానిక్ చూసి, “ఊరికే ఒగ్గేసినా ఇంతకంటే బాగుండేది బాబూ” అన్నాడు. ఆ మాట అప్పుడు నాకు నచ్చలేదు కాని, తర్వాత ఆలోచిస్తే అక్షరాలా నిజమనిపించింది.

ఒక లీటరు పెట్రోలు కాలితే దాదాపు ఒక లీటరు నీరు పుడుతుంది. అందులో అధిక భాగం ఆవిరిగా సైలెన్సర్ గుండా బయటికి పోయినా, కొంత పిస్టన్ రింగుల పక్క నుంచి జారి ఆయిల్ ఉండే గదిలోకి చేరుతుంది. బండి దూరం నడిచినప్పుడు ఆయిల్ బాగా వేడెక్కి ఆ తేమను మళ్లీ ఆవిరి చేసి వెళ్లగొడుతుంది. ఐదు నిమిషాలు నిలబెట్టి తిప్పితే ఆ వేడి రాదు కనుక ప్రతి స్టార్టింగూ కొంత నీటిని చేర్చడమే తప్ప తీసివేయడం ఉండదు. చల్లటి ఇంజిన్‌కు చోక్ లాగినప్పుడు పెట్రోలు ఎక్కువగా వెళ్లి, కాలకుండా మిగిలినది ఆయిల్‌లో కలుస్తుంది కూడా. మీరు ఆయిల్ పోయకుండానే మట్టం పెరిగినా, ఆయిల్ మట్టం చూసే పుల్ల (డిప్‌స్టిక్) పెట్రోలు వాసన కొట్టినా అనుమానించవలసింది దీన్నే. ఈ నీటితో, కాలిన వాయువులతో ఆయిల్‌లో ఆమ్లాలు తయారై, బండి కదలకుండా ఉన్న నెలల్లో బేరింగులను మెల్లగా తింటాయి. ఖరీదైన సింథటిక్ ఆయిల్ పోస్తే రెండేళ్లు చూసుకోనక్కర లేదని కొందరు చెబుతారు. ఆ ఆయిల్ వేడికి త్వరగా చెడదన్నది నిజమే, కాని అందులో చేరే నీరూ పెట్రోలూ మాత్రం తగ్గవు.

అందువల్ల పక్కింటి అబ్బాయి చేత వారానికొకసారి స్టార్ట్ చేయిస్తున్నానని మీరు రాసిన ఏర్పాటును వెంటనే ఆపించండి. అతనికి లైసెన్సు ఉంటే, పదిహేను రోజులకొకసారైనా సరే, ఆగకుండా ఇరవై నిమిషాలు రోడ్డు మీద నడిపి రమ్మనండి. అది కుదరకపోతే అసలు ముట్టుకోవద్దని చెప్పండి. ఇలా నడిపే బండికి ఏడాదికొకసారి ఆయిల్ మార్చితే చాలు. వీధి చివరి దుకాణం దాకా మాత్రమే పోయి వచ్చే బండికైతే మీ మెకానిక్ చెప్పిన ఆరు నెలలే సరి.

మీ విషయంలో గడువు కంటే ముఖ్యమైనది ఏ సమయంలో మారుస్తున్నారన్నది. సంక్రాంతికి ఊరు రాగానే ఆయిల్ మార్చి, పండగ నాలుగు రోజులు తిరిగి, బండిని వదిలి వెళ్తున్నారు. ఆ వరుసను తిరగేయండి. తిరుగు ప్రయాణానికి ముందు రోజు నాలుగైదు కిలోమీటర్లు నడిపి, ఆయిల్ వేడిగా ఉండగానే డ్రెయిన్ బోల్టు విప్పి పూర్తిగా కారనిచ్చి, కొత్తది పోసి, అది అన్ని భాగాలకూ అందేలా మరికొంత దూరం నడిపి ఆపండి. సముద్రపు తేమ తగిలే మన జిల్లాల్లో ఏడాది పొడవునా ఇంజిన్‌లో నిలవ ఉండవలసింది కొత్త ఆయిలే కాని మురికిది కాదు. మళ్లీ వచ్చినప్పుడు రంగు, మట్టం చూసుకుని, తేడా లేకపోతే అదే ఆయిల్‌తో పండగంతా తిరగవచ్చు.

ఆయిల్ గ్రేడు మాన్యువల్‌లో ఉన్నదే తీసుకోండి, డబ్బా మీద జాసో (JASO, జపాన్ వాహన ప్రమాణం) ఎంఏ లేదా ఎంఏ2 అన్న గుర్తు ఉండాలి. ఇంట్లో మిగిలి ఉంది కదా అని కారు ఆయిల్ పోయకండి. బైకు క్లచ్ ప్లేట్లు ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి కనుక, కారు ఆయిల్‌లో రాపిడి తగ్గించడానికి కలిపే పదార్థాల వల్ల క్లచ్ జారే ప్రమాదం ఉంది. డ్రెయిన్ బోల్టు వాషర్ ప్రతిసారీ కొత్తది వేయించండి. బోల్టును బలం చూపించి బిగిస్తే అల్యూమినియం మరలు పోతాయి, వాటిని బాగుచేయించడానికి మళ్లీ ఖర్చవుతుంది.

నేను ఇప్పుడు ఆదివారాలు రామతీర్థం దాకా పోయి వస్తున్నాను. ఏటా దసరా తర్వాత పైడితల్లి అమ్మవారి సిరిమాను తిరిగిన వారంలో, మీటరు వైపు చూడకుండా ఆయిల్ మార్పించి, తేదీని సీటు కింద అంటించిన కాగితం మీద రాసుకుంటున్నాను. ఆ తర్వాత మూత కింద అంబలి కనిపించలేదు.