టెక్ సందేహాలు: రివర్స్ ప్రాక్సీ పెట్టాక సైటు ఎందుకు తెరుచుకోవడం లేదు?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. మా రైస్ మిల్లుకు వచ్చే ధాన్యం లారీల కాటా చీటీలు నమోదు చేయడానికి మా అబ్బాయి జాంగోలో (పైథాన్ భాషలో వెబ్ అప్లికేషన్లు రాసే సాధనం) ఒక అప్లికేషన్ తయారు చేశాడు. దాన్ని అద్దె సర్వర్‌లో పెట్టి, ముందు ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్‌ను రివర్స్ ప్రాక్సీగా (బయటి అభ్యర్థనలను తాను అందుకుని లోపలి అప్లికేషన్‌కు చేరవేసేలా) ఉంచి, లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ నుంచి హెచ్‌టీటీపీఎస్‌కు కావలసిన సర్టిఫికెట్ తీసుకున్నాం. అప్పటి నుంచి క్రోమ్‌లో రీడైరెక్టులు (వేరే చిరునామాకు మళ్లింపులు) మరీ ఎక్కువయ్యాయన్న సందేశం వస్తోంది. గుమాస్తాల ఫోన్లలోని యాప్ అయితే సర్టిఫికెట్‌నే ఒప్పుకోవడం లేదు. ఏం చేయాలి?
- ఒక పాఠకుడు

జవాబు: ఇవి రెండూ వేర్వేరు సమస్యలు. మొదటిదానికి కారణం ఎన్‌క్రిప్షన్ ఎన్‌జిన్‌ఎక్స్ దగ్గరే ముగిసిపోవడం. బ్రౌజర్ నుంచి 443 పోర్టుకు హెచ్‌టీటీపీఎస్‌లో వచ్చిన అభ్యర్థనను ఎన్‌జిన్‌ఎక్స్ విప్పి, 8000 పోర్టులో ఉన్న జాంగోకు మామూలు హెచ్‌టీటీపీలో అందిస్తుంది. జాంగోలో సెక్యూర్ ఎస్‌ఎస్‌ఎల్ రీడైరెక్ట్ అనే సెట్టింగు పెట్టి ఉంటే, అది ‘ఇది భద్రమైన దారిలో రాలేదు’ అనుకుని బ్రౌజర్‌ను మళ్లీ హెచ్‌టీటీపీఎస్‌కు పంపుతుంది. అదే అభ్యర్థన అదే దారిలో తిరిగి రావడంతో, బ్రౌజర్ కొన్నిసార్లు ప్రయత్నించి ఆగిపోతుంది.

ఈ దశలో చాలామంది ఆ సెట్టింగునే తీసేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. పేజీ తెరుచుకుంటుంది కానీ, తాను హెచ్‌టీటీపీలోనే ఉన్నానని జాంగో అనుకుంటూనే ఉంటుంది కాబట్టి లాగిన్ ఫారం పంపగానే 403 (అనుమతి లేదన్న) లోపం ఎదురు కావచ్చు. అసలు దారి ఏదో జాంగోకు తెలియజేయడమే సరైన పరిష్కారం. ఎన్‌జిన్‌ఎక్స్ సెట్టింగుల ఫైలులో ప్రాక్సీ పాస్ (అభ్యర్థనను జాంగోకు పంపే ఆదేశం) ఉన్న లొకేషన్ భాగంలోనే ప్రాక్సీ సెట్ హెడర్ ఆదేశంతో ఎక్స్-ఫార్వర్డెడ్-ప్రోటో అనే హెడర్‌కు (అభ్యర్థనతో పాటు వెళ్లే సమాచార వరుసకు) స్కీమ్ విలువను, అంటే హెచ్‌టీటీపీనా హెచ్‌టీటీపీఎసా అన్నదాన్ని, హోస్ట్ హెడర్‌కు మీ డొమైన్ పేరును ఇచ్చే హోస్ట్ విలువను జతచేయండి. అక్కడే అని ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, లొకేషన్‌లో ఇలాంటి ఆదేశం ఒక్కటి ఉన్నా పై సర్వర్ భాగంలో రాసిన హెడర్లు ఏవీ కిందికి రావు. అన్నీ రాశాం కదా అనుకుంటూ గంటలు పోగొట్టుకునేది ఇక్కడే. ఆ తర్వాత జాంగో సెట్టింగుల్లో సెక్యూర్ ప్రాక్సీ ఎస్‌ఎస్‌ఎల్ హెడర్‌కు అదే హెడర్ పేరును జాంగో వాడే రూపంలో (HTTP_X_FORWARDED_PROTO), దానితో పాటు చిన్న అక్షరాల్లో https అన్న విలువను ఇవ్వాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త తప్పనిసరి. ఆ హెడర్‌ను ఎవరైనా సొంతంగా తయారు చేసి పంపగలరు. 8000 పోర్టు ఇంటర్నెట్‌కు తెరిచి ఉంటే ఎన్‌జిన్‌ఎక్స్‌ను దాటేసి నేరుగా జాంగోను నమ్మించవచ్చు. కాబట్టి అప్లికేషన్‌ను ఆ సర్వర్ లోపలి నుంచే చేరగల 127.0.0.1 చిరునామాకే పరిమితం చేయండి.

మార్పులు చేశాక ‘ఎన్‌జిన్‌ఎక్స్ -టి’ ఆదేశంతో ఫైలులో తప్పుల్లేవని నిర్ధారించుకుని, ఆ తర్వాతే రీలోడ్ చేయండి. జాంగోను కూడా పునఃప్రారంభించాలి. క్రోమ్ పాత 301 (శాశ్వత) రీడైరెక్టును గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి ఇన్‌కాగ్నిటో విండోలో పరీక్షించడం మంచిది.

ఇక ఫోన్ సంగతి. మీ కంప్యూటర్ బ్రౌజర్ సర్టిఫికెట్‌పై ఏ హెచ్చరికా ఇవ్వకుండా ఉండగా యాప్ మాత్రం ఒప్పుకోవడం లేదంటే, మధ్యవర్తి సర్టిఫికెట్ (మీ సర్టిఫికెట్‌ను ఫోన్ నమ్మే మూల సర్టిఫికెట్‌తో కలిపేది) సర్వర్ నుంచి వెళ్లడం లేదని మొదట అనుమానించాలి. అది అందకపోయినా కంప్యూటర్‌లోని బ్రౌజర్లు సాధారణంగా తమంతట తాము తెచ్చుకుంటాయి. ఆండ్రాయిడ్ యాప్‌లు అలా చేయవు. ఎన్‌జిన్‌ఎక్స్‌లో ఎస్‌ఎస్‌ఎల్ సర్టిఫికెట్ వరుసలో ‘సెర్ట్.పెమ్’ అని ఉంటే, అదే ఫోల్డర్‌లోని ‘ఫుల్‌చెయిన్.పెమ్’ పేరు రాసి రీలోడ్ చేయండి.

లెట్స్ ఎన్‌క్రిప్ట్ సాధారణ సర్టిఫికెట్ల గడువు 90 రోజులే. గడువు దగ్గరపడితే ఈమెయిల్‌లో హెచ్చరించే పద్ధతిని ఆ సంస్థ 2025లో ఆపేసింది. సర్టిఫికెట్లను తెచ్చి పునరుద్ధరించే సర్ట్‌బాట్ అనే ప్రోగ్రాం కొత్త సర్టిఫికెట్ తెచ్చినా, ఎన్‌జిన్‌ఎక్స్ రీలోడ్ అయ్యేవరకు పాతదాన్నే చూపిస్తుంటుంది కాబట్టి, పునరుద్ధరణ తర్వాత రీలోడ్ దానంతట అదే జరిగేలా డిప్లాయ్ హుక్ (పునరుద్ధరణ కాగానే నడిచే ఆదేశం) పెట్టమని మీ అబ్బాయికి చెప్పండి.