నడిగడ్డకు పోస్టింగ్ వచ్చిన టీచరమ్మకు

అమ్మా,

గద్వాల వైపు హైస్కూల్లో చేరావని తెలిసి సంతోషించాను. ఆ ప్రాంతంలో చాలాకాలం పాఠాలు చెప్పినదాన్ని కాబట్టి ఒక్క మాట గట్టిగా చెప్తున్నాను. హాజరు ఉన్నది ఉన్నట్టే వేయి. మధ్యాహ్న భోజనం లెక్క కోసమో, డ్రాపౌట్లు కనపడకూడదనో రాని పిల్లకు హాజరు వేస్తే, ఆ పిల్ల ఎక్కడుందని అడిగేవాళ్లే ఉండరు.

ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో మరీ జాగ్రత్త. విత్తనాల కోసం పెంచే సీడ్ పత్తి చేలల్లో క్రాసింగ్ పనులు, అంటే చేత్తో పువ్వులకు పుప్పొడి అద్దే పనులు, అప్పుడే జోరు మీద ఉంటాయి. సాయంత్రం మొగ్గను బొటనవేలి గోరుతో ఒలవాలి, మర్నాడు పొద్దున్నే దానికి మగపువ్వు పుప్పొడి అద్దాలి. ఈ పనికి చిన్న చేతులే కావాలంటారు. ఇంట్లో అడ్వాన్సు ఇచ్చి పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లున్నారు. క్లాసులో కునికిపాట్లు పడుతూ, పెన్ను పట్టుకోలేకపోతున్న పిల్ల కనిపిస్తే ఆ గోరు చూడు. అమ్మానాన్నలతో సెలవు రోజు చేనికెళ్లడం వేరు, అడ్వాన్సు తీరేదాకా తిరిగి రాలేకపోవడం వేరు.

ఆడపిల్లల్ని మాయమాటలతో ఊరు దాటించే విషయంలో గుర్తులు ఇంకోలా ఉంటాయి. ఇంట్లో కొనని ఫోను చేతికొస్తుంది. పట్నంలో కుట్టుపని ఇప్పిస్తానన్న 'అక్క' మాట పదే పదే వస్తుంది. ఏడాది మధ్యలో ఎవరో బంధువునంటూ వచ్చి టీసీ అడుగుతారు, ఏ ఊరి బడిలో చేరుస్తారో మాత్రం చెప్పలేరు. పుట్టిన తేదీ మార్చమని బతిమాలితే అక్కడే ఆగు. తీసుకెళ్లేది చాలాసార్లు తెలిసినవాళ్లే, అందుకే ఇంట్లో వాళ్లకు అనుమానం రాదు.

ఒక్క గుర్తు చూసి తీర్మానించకు, రెండు మూడు కలిస్తే ఊరుకోకు. పిల్లను పక్కకు పిలిచి "అన్నం తిన్నావా, రాత్రి ఎక్కడ పడుకున్నావ్" అని అడుగు, పోలీసులా గుచ్చి గుచ్చి అడగొద్దు. "ఎవరికీ చెప్పనులే" అని మాట మాత్రం ఇవ్వకు. అనుమానం ఉన్న మనిషికి ముందే ఫోన్ చేస్తే తెల్లారేసరికి పిల్ల ఊళ్లో ఉండదు. చూసింది తేదీతో రాసిపెట్టి, హెచ్‌ఎంకు చెప్పి పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యి. రాత్రయినా పలుకుతారు. వెంటనే ప్రమాదం ఉందనిపిస్తే అత్యవసర నంబరు 112. పిల్లలపై లైంగిక వేధింపుల సంగతి తెలిసి కూడా చెప్పకపోతే, ఆ నేరాల కోసమే తెచ్చిన 2012 పోక్సో చట్టం ప్రకారం అది మన నేరమే అవుతుంది. హెచ్‌ఎం "మనకెందుకు" అన్నా నువ్వు చెప్పాల్సిందే.

పిల్ల ఫోటో, పేరు స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో పెట్టనివ్వకు. తిరిగొచ్చిన రోజున ఎక్కడికెళ్లావని ఎవరినీ అడగనివ్వకు. పాత స్నేహితురాలి పక్కనే కూర్చోబెట్టి, తప్పిపోయిన పాఠాలు సాయంత్రం అరగంట నువ్వే చెప్పు.